చిన్నాభిప్రాయం

లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. మూడు ఆస్పత్రుల దుప్పట్లూ, గలీబులూ, డాక్టర్ల కోట్లూ ఉతికి పంపే పెద్ద లాండ్రీ అది. ఇరవై రెండేళ్ళుగా మడత బల్ల దగ్గర నిలబడి నిలబడి ఆమె పాదాలు చేటల్లా విచ్చుకుపోయాయి. అంచు పట్టుకోగానే ఆ దుప్పటి ఎన్ని ఉతుకులు తిన్నదో, ఇంకెన్ని తినగలదో చెప్పేసేది. బడి మొహం చూసిన మనిషి కాదు. మూటలకు కట్టే వార్డు చీటీలే ఆమెకు పలకా బలపం. జ్వరాల వార్డు చీటీలో జ నేర్చుకుంది, ఎముకల వార్డులో ఎ, పురుళ్ళ వార్డులో ప. ఇప్పుడు కూడబలుక్కుని పేపరు కూడా చదువుతుంది. కాకపోతే ఒక్కో వాక్యం దాటేసరికి చేతిలో టీ చల్లారిపోతుంది.

ఆమె తోడికోడలిదీ అక్కడే పని. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఇంట్లో 'చిన్నది' అని పిలిచారు. నలభై నాలుగేళ్ళొచ్చినా చిన్నదే. మురికి గదిలో ఏడుగురు ఆడవాళ్ళలో ఆమె ఒకతె. వచ్చిన మూటలు విప్పి, చేత్తో తడిమి, ఏరి, ఆ తరవాత మిషన్లకు పంపే గది అది. దుప్పట్లలో చుట్టుకుని ఏవేవో వచ్చేవి. సూదులు, కత్తెరలు, ఉంగరాలు, కట్టుడు పళ్ళు, పిల్లల బొమ్మలు. చిన్నది వాటన్నిటితోనూ మాట్లాడుతూ పని చేసేది. మిషన్ల రొదలో కూడా ఆమె గొంతు మడత బల్ల దాకా వినపడేది.

వాళ్ళ మొగుళ్ళు, ఆ అన్నదమ్ములిద్దరూ, ఏడాది తేడాలో పోయారు. పిల్లలు లేరు. ఒక గదీ వంటిల్లూ, రెండు మంచాలు, ఇద్దరాడవాళ్ళు. పక్కన మనిషి ఉండగానే ఆ మనిషి లేని మంచాన్ని ఊహించుకుని కుమిలిపోయేవాళ్ళు కొందరుంటారు. మడతక్క ఆ రకం. చిన్నది కాస్త ఆలస్యమైతే చాలు, ఏ లారీ కిందో పడిందని తేల్చేసుకుని కొంగు నోట్లో కుక్కుకునేది.

"ఇంకా శవం రాలేదక్కా, ఆ ఏడుపు కాస్త దాచుకో" అంటూ చిన్నది చెప్పులు విడిచేది.

చిన్నదానికి ఒక అన్న ఉన్నాడు. రెండు రోజుల ప్రయాణం. అతని భార్యకు నడుం పడిపోయింది, ఇంటి నిండా పిల్లలు. ఉత్తరం వేసినప్పుడల్లా ఆఖరున ఒకటే మాట: "అక్కడ పని మానేసిన రోజున నేరుగా మా ఇంటికొచ్చెయ్, నీ చోటు నీకుంది." ఆ చోటు ఎక్కడో ఇద్దరికీ తెలుసు, పొయ్యికీ అంట్లకీ మధ్య. లాండ్రీలో పని ఉన్నంతకాలం చిన్నది నవ్వి ఊరుకునేది. పని పోతే ఒక్కరి జీతంతో ఆ ఇల్లు నడవదు. అది కూడా ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు పై ఆఫీసు నుంచి కొత్త పద్ధతి దిగింది. ఇకమీదట ఆఫీసు గదిలోవాళ్ళే కూర్చుని ఏ సంగతీ తేల్చకూడదు. పనిచేసే వాళ్ళలో ఒకరు ఆ బల్ల దగ్గర ఉండి తీరాలి. అందరూ ఒకేలా ఆలోచించేచోట తప్పు కనపడదట. మేనేజరమ్మ మడతక్కను ఎంచింది. "పెద్దావిడ, పైగా నోట్లో నాలుక లేని మనిషి" అన్నది ఇంజనీరుతో. ఆ మాట మూడో రోజుకి మడత బల్ల దాకా వచ్చింది.

మొదటి మీటింగులో దుప్పట్లు చిరిగిపోవడం గురించి మాట్లాడారు. ఇంజనీరు బొమ్మలు గీసి చూపించి, పాత మిషను పనికిరాదు, కొత్తది తెప్పించాలన్నాడు. అందరూ తలలూపారు. మేనేజరమ్మ మర్యాద కోసం మడతక్క వైపు తిరిగింది.

"మీరేమంటారమ్మా?"

"చిరిగేవన్నీ పిల్లల వార్డువండీ. ఆ పరుపులు పల్చన కదా, దుప్పటి జారిపోతుందని నాలుగు మూలలా ముడేస్తారు. ఆ ముడితోనే వచ్చేస్తాయి. ముడి విప్పకుండా మిషన్లో వేస్తే చిరగక ఏం చేస్తాయి?"

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. మురికి గదిలో ముళ్ళు విప్పమన్నారు. పదిరోజుల్లో చిరుగులు ఆగాయి, కొత్త మిషను ఊసే లేదు. ఆ రోజు వాళ్ళు నిజంగా విన్నారు. మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

ఇంజనీరు ఆ చెవుల ఎరుపు మరిచిపోలేదు. మేనేజరమ్మకు మాత్రం పద్ధతి లోతు తెలిసింది. మడతక్క చేత మాట్లాడించేది, తల పంకించేది, "ఎంత బాగా చెప్పారండీ" అనేది, పక్కనున్న రాతమ్మాయితో "భిన్నాభిప్రాయం గడిలో రాయమ్మా" అనేది. ఆ తరవాత తాను ముందు అనుకున్నదే తీర్మానం చేసేది. ఇస్త్రీ గదిలో దుమ్ము పడుతోందని కిటికీలు మూయించారు. మడతక్క వద్దంది, రాసుకున్నారు, మూశారు. ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. ముక్కాలిపీటలు తీసెయ్యాలన్నారు. మడతక్క వద్దంది, రాసుకున్నారు, తీసేశారు. తిండికి అందరూ ఒక్కసారి లేవకూడదన్నారు. అదీ అంతే. ప్రతిసారీ కాగితం కింద ఆమె చేత సంతకం పెట్టించారు. సంతకం పెట్టేటప్పుడు మేనేజరమ్మ కలం మూత తీసి ఇచ్చేది, ఎంతో ప్రేమగా.

"మీ మాట లేకపోతే ఈ కాగితానికి విలువే లేదండీ."

అదేదో మెచ్చుకోలు అనుకుంది మడతక్క. ఆ రోజు ఇంటికెళ్ళి చిన్నదానికి రెండుసార్లు చెప్పింది.

లాండ్రీ ఆడవాళ్ళకు కనిపించింది సంతకం ఒక్కటే.

"ఏం కుర్చీ అక్కా, ఈసారి మా నడుములా మోకాళ్ళా? దేని మీద సంతకం పెట్టొచ్చావు?"

"నేను వద్దనే అన్నానే తల్లీ. నా మాట చిన్నాభిప్రాయం గడిలో రాశారు, కావాలంటే చూసుకోండి."

"చిన్నాభిప్రాయమా? అయితే పెద్దాభిప్రాయం గడి ఎవరిదే?"

నవ్వులు. చిన్నది అందరికంటే గట్టిగా నవ్వి, ఆ వెంటనే వాళ్ళందరినీ తిట్టిపోసింది. మడతక్కకు మాత్రం అందులో నవ్వొచ్చే సంగతేమిటో బోధపడలేదు. చిన్నవాళ్ళ అభిప్రాయాలకు చిన్నాభిప్రాయం గడి. అంతేగా మరి? పెద్దవాళ్ళది తీర్మానం గడి. ఎవరి గడి వాళ్ళది. ఆమె చెవికి అలా వినపడింది, ఆరు నెలలు అలాగే నమ్మింది.

అప్పుడే మురికి గది సంగతి పొక్కింది. చేత్తో ఏరడం మానేసి, మూటలు తిన్నగా బెల్టు మీద వేస్తే లోహమున్న చోట గంట కొట్టే యంత్రం పెడతారట. ఏడుగురినీ పంపేస్తారట. వచ్చే నెల మీటింగులో తేలుస్తారు.

"నువ్వున్నావు కదక్కా బల్ల దగ్గర" అంది చిన్నది, బొత్తిగా బెంగ లేకుండా. "కడిగెయ్. ఉంగరానికి గంట కొడుతుంది సరే, కట్టుడు పళ్ళకు కొడుతుందా అని అడుగు."

మడతక్కకు ఆ రోజు నుంచీ తిండి సయించలేదు. తను వద్దన్నదల్లా జరుగుతూ వస్తోంది. ఈసారీ వద్దంటుంది, రాసుకుంటారు, చిన్నది వెళ్ళిపోతుంది. పక్క మంచం వైపు చూడాలంటే భయం పట్టుకుంది.

దానికి నెల ముందు జరిగిన మీటింగు రోజున మేనేజరమ్మ రావడం ఆలస్యమైంది. బల్ల మీద ఖాళీ ఫారం ఉంది. ఏమీ తోచక మడతక్క దాన్ని దగ్గరకు లాక్కుంది. తన మాట రాసే నాలుగో గడి మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. మొదటి అక్షరం చి కాదు. భి. మళ్ళీ చదివింది. భి-న్నా-భి.

"భిన్నమంటే ఏమిటమ్మా?" అని రాతమ్మాయిని అడిగింది.

"వేరుగా ఉండటమండీ. అందరూ అవునంటే మీరు కాదంటారే, అది."

మడతక్క ఫారాన్ని ఇంకా దగ్గరకు లాక్కుంది. గడి కింద చీమల బారంత చిన్న అక్షరాల్లో రెండు వరసలున్నాయి. చెమట పట్టిన వేలితో మొదటి వరస మీద పాకింది. 'ఈ గడి ఖాళీగా ఉన్న తీర్మానం చెల్లదు. ఆ విషయం ఆరు నెలల వరకు తిరిగి చర్చకు రాకూడదు.' మూడుసార్లు చదివింది. రెండో వరస మొదలుపెట్టబోతుంటే మేనేజరమ్మ పరిమళం ముందూ, మేనేజరమ్మ వెనకా గదిలోకి వచ్చారు. మడతక్క ఫారం తిరిగి జరిపేసింది.

అంటే ఇన్నాళ్ళూ కిటికీలు మూసింది తానే. పీటలు తీసింది తానే. తాను నోరు మెదపకపోయుంటే ఏ ఒక్కటీ సాగేది కాదు. తన 'వద్దు' మీదే వాళ్ళ బండి నడిచింది.

ఆ రోజంతా ఆమెకు ఏడుపు రావలసింది. రాలేదు. పట్టరాని సంతోషం వచ్చింది. మురికి గదిని కాపాడే తాళంచెవి తన నోట్లోనే ఉంది, దవడ బిగించి కూర్చుంటే చాలు. చిన్నదానికి చెబుదామని ఇంటికెళ్తూ దారంతా మాటలు పేర్చుకుంది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. చిన్నదానికి చెబితే తెల్లారేసరికి మురికి గదికి తెలుస్తుంది, పొద్దెక్కేసరికి ఆఫీసుకు. దాని నోరు నోరా, చిల్లు కుండ. అయిపోయాక చెబుదాం, నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంది, అనుకుంది. నెలరోజులు ఆ రహస్యాన్ని దాచుకుని, తన తెలివికి తానే మురిసిపోయింది.

మీటింగు రోజు వచ్చింది. ఇంజనీరు బెల్టు బొమ్మ గీశాడు. అందరూ తలలూపారు.

"ఇక మన పెద్దావిడ" అంది మేనేజరమ్మ, కలం పట్టుకున్న రాతమ్మాయి వైపు చూస్తూ. "చెప్పండమ్మా, మీ మనసులో ఉన్నది."

"బాగుందండీ."

"ఏమిటి బాగుంది?"

"యంత్రం. పెట్టించండి."

ఇంజనీరు తలెత్తాడు. "మీ తోడికోడలు అక్కడే కదా పనిచేసేది?"

"అవునండీ."

"ఆవిడ పని పోతుంది."

"పోతే పోతుంది. నాకు అభ్యంతరం లేదు. పూర్తిగా ఒప్పుకుంటున్నాను."

ఆ మాటలు నెలరోజులు అద్దం ముందు అనుకున్నవే. అయినా నాలుక మీద చేదు. రాతమ్మాయి కలం నాలుగో గడి మీద ఆగిపోయింది. మేనేజరమ్మ నవ్వు చెక్కుచెదరలేదు.

"ఏదో ఒకటి ఉంటుందిగా అమ్మా. చిన్నదైనా సరే. యంత్రం శబ్దం ఎక్కువనో, మరోటనో."

"శబ్దం అంటే నాకిష్టం."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరమ్మ నవ్వలేదు. మడతక్క మొహంలోకి అలా చూస్తూనే ఉంది, దుప్పటి మరక పోయిందో లేదో చూసినట్టు. అప్పుడు ఆమె చూపు మడతక్క వేలి మీదికి దిగింది. ఆ వేలు తెలియకుండానే ఫారం మీది చిన్న అక్షరాల కిందికి పాకి ఉంది.

"ఓహో" అంది మేనేజరమ్మ మెల్లగా. "చదవడం వచ్చా మీకు? ఎంత సంతోషం. మరి రెండో వరస చదివారా?"

మడతక్క వేలు వెనక్కి లాక్కుంది.

"నేను చదువుతా వినండి. 'భిన్నాభిప్రాయం సిబ్బందిలో ఎవరిదైనా కావచ్చు.'" ఆమె రాతమ్మాయి వైపు తిరిగింది. "మురికి గది నుంచి ఈవిడ తోడికోడలిని పిలుచుకురా అమ్మా. ఆవిడ గురించేగా, ఆవిడనే అడుగుదాం. న్యాయం కదా."

చిన్నది చేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చింది. బ్లీచింగు వాసన ఆమెతో పాటు గదిలోకి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ గదిలో అడుగు పెట్టడం. మడతక్కను చూసి కన్నుగీటింది. మడతక్క కళ్ళతో ఏదో చెప్పబోయింది. చిన్నదానికి నోటి మాటే తప్ప కంటి మాట ఏనాడూ తెలీదు.

"కూర్చోండమ్మా" అని మేనేజరమ్మ తన పక్క కుర్చీ లాగింది. "మీ గది తీసేద్దామనుకుంటున్నాం. మీ అక్కగారు పూర్తిగా ఒప్పుకున్నారు. ఏమన్నారో చదువమ్మా."

రాతమ్మాయి తలెత్తకుండా చదివింది. "'పోతే పోతుంది. నాకు అభ్యంతరం లేదు.'"

చిన్నది కూర్చోలేదు. మడతక్క వైపు తిరిగింది. మొహంలో ఇంకా సగం నవ్వు ఉంది, వేళాకోళం అనుకుంది కాబోలు.

"అన్నావా అక్కా?"

మడతక్క తల దించుకుంది.

"మరి మీరేమంటారు?" అంది మేనేజరమ్మ.

"చిన్నదానా, ఏమీ అనకు!" మడతక్క లేచి నిలబడింది. "ఒప్పుకో! నోరు మూసుకో, నీకు దండం పెడతా, నోరు మూసుకో!"

గదిలో అందరూ విన్నారు. చిన్నదాని మొహంలో మిగిలిన ఆ సగం నవ్వు కూడా పోయింది.

"ఎందుకు మూసుకోవాలి?" అంది. "నువ్వు మూసుకున్నావుగా, చాలదూ?"

ఇక ఆపేవాళ్ళెవరు? పోయిన నెల జ్వరాల వార్డు మూటలో కట్టుడు పళ్ళు దొరికాయనీ, తానే పట్టుకెళ్ళి ఇచ్చాననీ, ఆ ముసలాయన రెండు రోజులుగా గంజి తప్ప తినలేదనీ చెప్పింది. ప్లాస్టిక్కు గొట్టాలతో పాటు విరిగిన గాజు సీసా ఉంటుంది, దానికి ఏ గంటా కొట్టదు, మిషన్లో పొడై రేపు ఏ పసిపిల్ల దుప్పట్లోనో ఉంటుంది అంది. మూట బరువు పట్టి లోపల ఏముందో తమ ఏడుగురూ చెప్పగలరు, కావాలంటే కళ్ళకు గంతలు కట్టి చూడమంది. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ బల్ల దగ్గర అంత మంచి మాట అంతకు ముందెవరూ మాట్లాడలేదు. ఇంజనీరు కూడా తన బొమ్మ వైపు ఒకసారి అనుమానంగా చూసుకున్నాడు. రాతమ్మాయి రాసింది రాసినట్టే ఉంది. గడి నిండి, మాటలు పక్క అంచులోకి పొర్లాయి.

"ఎంత బాగా చెప్పారండీ" అంది మేనేజరమ్మ. కలం మూత తీసి చిన్నదాని చేతిలో పెట్టింది. "ఇక్కడ. సంతకం రాకపోతే వేలిముద్ర."

చిన్నది గర్వంగా వేలిముద్ర వేసింది. తీర్మానం నెగ్గింది. వారం గడువిచ్చారు.

ఇంటికి ఇద్దరూ వేరు వేరుగా నడిచారు. చిన్నది వచ్చీ రాగానే మంచం కింది పెట్టె లాగింది. మడతక్క గోడకు ఆనుకుని అంతా చెప్పింది. గడి, చిన్న అక్షరాలు, మొదటి వరస, రెండో వరస. చిన్నది మడతపెట్టడం ఆపి, మొదటినుంచి చివరిదాకా విన్నది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అదే మడతక్కను భయపెట్టింది.

"అయితే నేను ఒప్పుకున్నానని చెప్పుంటే పని ఉండేది."

"ఉండేది."

"నీకీ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"నెలైంది."

"నెల." చిన్నది పెట్టె మూత మీద చెయ్యి వేసింది. "నెలరోజులు నా పక్కనే పడుకున్నావు. పక్క మీంచి చెయ్యి చాపితే అందుతాను."

"నువ్వు నలుగురికీ చెప్పేస్తావని..."

"చెప్పేదాన్నే! ఏడుగురికీ చెప్పేదాన్ని. నీ నోరు పనిచెయ్యకపోతే ఇంకోరి నోరు తెరుస్తారని నాకు అడక్కుండానే తోచేదక్కా. చదువు రానిదాన్ని, రెండో వరస నేను చదవక్కర్లేదు. ఏడుగురం దవడలు బిగించి కూర్చునేవాళ్ళం. లాండ్రీ మొత్తం కూర్చునేది. ఎవర్ని పిలుస్తారో పిలవమనేవాళ్ళం."

మడతక్కకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. నెలరోజులు తిరగేసి మరగేసి ఆలోచించింది, అదొక్కటీ తట్టలేదు. పక్క మంచం మీది మనిషికి ఒక్క క్షణంలో తట్టింది.

"నా బతుకు గురించేగా" అంది చిన్నది. "నన్నొక్క మాట అడిగావా? మేనేజరమ్మ నయం. పిలిచి కుర్చీ వేసి అడిగింది."

ఆ తరవాత వారం రోజులు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు. ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అనే మాటలు తప్ప మరో మాట లేదు. మడతక్క రోజూ ఒక సంజాయిషీ తయారుచేసుకునేది. ఏది చెప్పబోయినా చిన్నది తల ఊపి, "నాకు అభ్యంతరం లేదక్కా" అనేది.

అన్న బాడుగ వ్యానులో వచ్చాడు. మంచం విప్పి పైన కట్టించాడు. మనిషి మంచివాడే, చెమటలు కక్కుతూ తానే బరువు మోశాడు. మడతక్క వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది. ఎక్కి కూర్చున్న చిన్నది ముందు వైపే చూస్తోంది.

"ఉత్తరం వెయ్యవే" అంది మడతక్క. "ఎవరిచేతనైనా రాయించు. ఎంత చిన్న అక్షరాలైనా చదువుకుంటాను."

చిన్నది విన్నట్టు లేదు. ఒళ్ళో చేతుల మీద బ్లీచింగుకు కాలిన మచ్చల్ని చూసుకుంటోంది.

అన్న తాడు చివరి ముడి బిగించి ఇవతలికి వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకుని, మడతక్కకు రెండు చేతులూ జోడించాడు.

"ఎన్నేళ్ళుగా రమ్మన్నా వచ్చేది కాదు అక్కయ్యగారూ. మా ఆవిడ మంచం దిగక ఏడాదైంది. లాండ్రీలో వాళ్ళు చెప్పారు, మీరే పెద్ద మనసుతో ముందు ఒప్పుకున్నారట. మీ మేలు మరిచిపోం."